మొదట్నుంచి సెప్పు

గాజువాకలో షేర్ ఆటో దిగి చిల్లర వెతుక్కుంటూ తలెత్తితే ఆయన కనిపించాడు. కరెంటు స్తంభానికీ టీ కొట్టు రేకుకీ మధ్య కట్టిన ఫ్లెక్సీలో నిలువెత్తున ఉన్నాడు. పైన పెద్ద అక్షరాలతో ‘కన్నీటి నివాళి’, కింద మిత్రబృందం ఫోటోలు చిన్నచిన్నగా, మధ్యలో ఆయన నవ్వు. భుజాల మీద కుంకుమ రంగు శాలువా. ‘ఎందరికో దారి చూపిన మహామనిషి’ అని రాయించారు. ఆ ముక్క మళ్లీ చదివాను. ఆటో అతను చిల్లర కోసం రెండుసార్లు పిలిచాకగానీ డబ్బులివ్వలేదు.

పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. ఇంటికెళ్లి ప్రయత్నించాను కూడా. రెండు దొరికాయి. ఒకటి, ఏ రోజూ సెలవు పెట్టేవాడు కాదు. రెండోది, మధ్యాహ్నం ఎవరి క్యారేజీలో ఏ కూర ఉన్నా వంక పెట్టకుండా తినేవాడు, అడక్కుండానే. అంతకు మించి నా వల్ల కాలేదు. పేరు కూడా రాయను. పదిమంది బంధువులున్న మనిషి, వాళ్లకి ఆయన ఇంకోలా తెలిసి ఉండొచ్చు. నాకు తెలిసింది ఇదీ.

రెండువేల నాలుగో అయిదో. చదువు పూర్తికాగానే ఊళ్లోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. కింద కళ్లజోళ్ల దుకాణం, పైన రెండో అంతస్తులో మేము తొమ్మిదిమందిమి. ఆయన మా ప్రాజెక్ట్ లీడర్. మా నాన్న స్టీలు ప్లాంటులో ఉద్యోగానికని గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో విని నేర్చుకున్న ఆ యాస నా నోటిని వదల్లేదు. మొదటి రోజే ఆయన పట్టుకున్నాడు. “ఏటమ్మా, అలాగండీ ఇలాగండీ అంటే ప్రోగ్రాం రన్నవుద్దేటి?” అని అందరూ వినేలా అని, తన జోకుకి తనే నవ్వాడు. నవ్వుతూ చిటికెన వేలు చెవిలో పెట్టి తిప్పాడు.

ఆ చిటికెన వేలి గోరు గురించి చెప్పాలి. పనిగట్టుకుని పెంచాడు. దాంతోనే చెవి గెలుక్కునేవాడు, దాంతోనే పళ్ల సందుల్లో ఇరుక్కున్నది తీసేవాడు, దాంతోనే నా స్క్రీన్ మీద తప్పున్న లైను చూపించేవాడు. నేను రోజుకి రెండుసార్లు స్క్రీన్ తుడుచుకునేదాన్ని. ఆయన తన జేబురుమాలు తడిపి మొహం తుడుచుకుని, వెనక బుర్ర ఉన్న ఆ పాత మానిటర్ల మీద, వేడి బయటికొచ్చే సందుల మీద ఆరేసేవాడు. పదకొండు గంటలయ్యేసరికి గదంతా ఉడికిన చెమట వాసన. సాయంత్రం కారప్పూస పొట్లం కీబోర్డు మీదే విప్పుకునేవాడు. వారానికోసారి ఆ కీబోర్డు తిరగేసి తపతపా కొట్టేవాడు. రాలినదాంట్లో వేరుశెనగ పలుకు కనిపిస్తే ఊది నోట్లో వేసుకునేవాడు. నేను కళ్లారా చూశాను.

ఇవన్నీ ఒంటి సంగతులు. కడుక్కుంటే పోయేవి. నాకు అసలు అసహ్యం పుట్టించింది ఆయన వినే పద్ధతి. ఏదైనా చెప్పబోతే సగంలో ఫోను మోగేది. ఆయన ఫోనెత్తి “సెప్పు బావా” అంటూ అరగంట లేచి తిరిగేవాడు. తిరిగొచ్చి కూర్చుని, “ఆఁ, మొదట్నుంచి సెప్పు” అనేవాడు. మళ్లీ మొదలుపెడితే మళ్లీ సగంలో టీ వచ్చేది. “మొదట్నుంచి సెప్పు.” మూడోసారికి చెప్పేవాడి గొంతులో పస పోయేది. నాలుగోసారి వాడు రాడు. ఆయనకి మతిమరుపేమీ లేదు. ఎవరి క్యారేజీలో ఏ రోజు చేపల పులుసు తెచ్చారో నెల తర్వాత కూడా చెప్పగలడు. ఎదుటివాడు అలిసిపోయి ఊరుకుంటే సమస్య తీరిపోయినట్టేనని కనిపెట్టిన మనిషి, అంతే.

మా పని ఒక ఫ్యాక్టరీకి గేట్ పాసుల ప్రోగ్రాం తయారుచేయడం. ఏడాదికోసారి అక్కడ యంత్రాలు ఆపి మరమ్మతులు చేస్తారు. అప్పుడు కాంట్రాక్టర్లు పల్లెల నుంచి గ్యాంగులను దింపుతారు. గేటు పక్క కౌంటర్‌లో పేర్లు ఎక్కించి పాసు చేతికిస్తేనే సెక్యూరిటీవాళ్లు లోపలికి వదులుతారు. ఎనిమిదింటికి సైరన్ కూస్తే గేటు మూసేస్తారు. పాసు అందని గ్యాంగు ఆ రోజుకి వెనక్కి పోవాల్సిందే.

లాగిన్ పేజీ సంగతి అందరికీ తెలుసు. పేరు, పాస్‌వర్డ్ కొడితే లోపలికి పంపుతుంది. లోపలికి అంటే ఏ పేజీకి అనేది మాత్రం మాలాంటివాళ్లు రాయాలి. మేం పునాదిగా వాడిన రెడీమేడ్ ఫ్రేమ్‌వర్క్‌లో దానికో ఫైలు, ఆ ఫైల్లో ‘ఎప్పుడూ హోం పేజీకేనా’ అని అడిగే ఒక లైను ఉండేది. అక్కడ ‘ఫాల్స్’ అని రాస్తే మనిషి ఏ పేజీ దగ్గర ఆగిపోయాడో, అందులో ఏం నింపాడో గుర్తుపెట్టుకుని, మళ్లీ లాగిన్ కాగానే తిన్నగా అక్కడికే తీసుకుపోతుంది. ‘ట్రూ’ అని రాస్తే ఎవరు ఏ పని మధ్యలో ఉన్నా సరే, హోం పేజీకి తోసేస్తుంది. చేతిలో ఉన్న పని గాల్లో కలిసిపోతుంది. ఆయన ‘ట్రూ’ రాశాడు.

ఎందుకంటే హోం పేజీలో ఫ్యాక్టరీ పెద్దాఫీసరు ఫోటో ఉంది. దాని కింద ఆ ఆఫీసరు పేరు మీద స్వాగత సందేశం ఉంది. ఆ సందేశం రాసిపెట్టింది కూడా మా లీడరే. “లాగినయిన ప్రతీవోడూ ముందు పెద్దసారు మొకం సూడాల. ఆనక ఆడి దారి ఆడు ఎతుక్కుంటాడు,” అన్నాడు. అదే ఆయన డిజైను. పెద్దాఫీసరుకి చూపించిన రోజున నాలుగుసార్లు లాగిన్ అయ్యి నాలుగుసార్లూ ఆ ఫోటోనే చూపించాడు. పెద్దాఫీసరు ముఖం వికసించింది.

కౌంటర్‌లో కూర్చునేది నూకరత్నం. సముద్రం ఒడ్డు పేట పిల్ల, వాళ్లన్న ఇప్పటికీ వేటకెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. నా వయసే ఉంటుంది. డిగ్రీ చదివి, టైపు నేర్చుకుని, కాంట్రాక్టు మీద ఆ కుర్చీ సంపాదించుకుంది. “మా ఇంటిల్లిపాదిలో ఒంటికి సేపల వాసన అంటని ఉద్యోగం నా ఒక్కదాన్దే మేడమ్,” అని నవ్వేది. ఎర్రంచు ఉన్న తువ్వాలు ఒకటి కుర్చీకి వేసుకుని, ఇంటికెళ్లేటప్పుడు మడిచి పట్టుకెళ్లేది.

మా ఉత్తరాంధ్ర గ్యాంగుల పేర్లు తెలిసినవాళ్లకి ఆమె కష్టం చెప్పక్కర్లేదు. దేవుడి పేరు పెట్టుకోవడం ఇక్కడ ఆనవాయితీ. నలభైమంది గ్యాంగులో పదకొండుమంది అప్పలరాజులు, ఏడుగురు నూకరాజులు, మిగతావాళ్లలో సగం సింహాచలాలు. ఆమె ఒక పేరు టైపు చేసి కిటికీ దగ్గరికెళ్లి “అప్పలరాజూ” అని పిలిస్తే పదకొండు తలలు తిరిగేవి. తండ్రి పేరు అడిగితే ముగ్గురికి అదీ ఒకటే. అప్పుడు ఊరు, ఊరు కలిస్తే పుట్టుమచ్చ. మచ్చ చూసి, రాసుకుని, కుర్చీలోకొచ్చి ఎక్కించేది. నలభైమందికీ ఒకటే పేజీ, అట్టడుగున ఒకటే సేవ్ బటన్.

పావుగంటసేపు బటన్ ఏదీ నొక్కకపోతే ఎవరూ లేరనుకుని ప్రోగ్రాం తలుపు మూసేస్తుంది. టైపు చేస్తున్నా దానికి తెలియదు. నూకరత్నం నలభై పేర్లు పూర్తిచేసి సేవ్ నొక్కితే లాగిన్ పేజీ వచ్చేది. పాస్‌వర్డ్ కొడితే పెద్దాఫీసరు నవ్వుతూ స్వాగతం పలికేవాడు. పేర్లన్నీ పోయేవి. బయట సైరన్ కూసేది. మేము ఆఫీసులో పరీక్షించినప్పుడు ఈ గొడవ రాలేదు, ఎందుకంటే మేం నాలుగే పేర్లు వేశాం. ఒకటి ఆయన పేరు, ఒకటి పెద్దాఫీసరు పేరు, రెండు ఉత్తుత్తి అక్షరాలు. గాజువాకలో పుట్టి పెరిగిన మనిషి, వాళ్ల వీధిలోనే ముగ్గురు అప్పలరాజులున్నారని నాతో చెప్పిన మనిషి, గ్యాంగు పేర్లు ఎలా ఉంటాయో ఒక్కసారి ఆలోచించలేదు. ఆ కౌంటర్ ఎలా ఉంటుందో చూడ్డానికి కూడా ఒక్కసారి వెళ్లలేదు.

మూడు వారాల్లో ఫిర్యాదు వచ్చింది. ఒక కాంట్రాక్టరు గ్యాంగు నాలుగుసార్లు వెనక్కిపోయింది. ఆ పిల్ల అవతలి కాంట్రాక్టరు మనిషి అనీ, కావాలనే పేర్లు చెరిపేస్తోందనీ రాశాడు. విషయమేంటో చూసి రమ్మని మా కంపెనీవాళ్లు నన్ను పంపారు.

నేను వెళ్లేసరికి నూకరత్నం ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. ఆమె సొరుగులోంచి చిన్న రూళ్ల పుస్తకం తీసి నా ముందు పెట్టింది. గుండ్రటి అక్షరాలు. ఏ రోజు ఏ గ్యాంగు, ఎన్నింటికి మొదలుపెట్టింది, ఎన్నింటికి సేవ్ నొక్కింది, పేర్లు నిలిచాయా పోయాయా. మూడు వారాలవీ ఉన్నాయి. “పావుగంట లోపు నొక్కితే పోవు మేడమ్. దాటితే పోతాయి. నాను పరీక్ష సేసి మరీ సూసాను,” అంది. నాలుగేళ్లు కంప్యూటర్లు చదివిన నాకు చెప్పాల్సిన మాట, టైపు నేర్చుకుని వచ్చిన అమ్మాయి చెప్పింది. “మీటింగెడతారంట గదా. నన్ను ఆ గదిలోకి రానివ్వరు. మీరు ఇది సూపించండి మేడమ్. ఈ కుర్సీ పోతే పోయింది గానీ, దొంగ అనిపించుకుని పోనేను.”

చూపిస్తానని మాటిచ్చి పుస్తకం తీసుకున్నాను.

ఆఫీసుకొచ్చి ఆ లైను పట్టుకున్నాను. నా మిషన్ మీద ‘ట్రూ’ తీసి ‘ఫాల్స్’ పెట్టి, పదకొండుమంది అప్పలరాజులతో సహా నలభై పేర్లు ఎక్కించి, ఇరవై నిమిషాలు గోడ గడియారం చూస్తూ కూర్చుని, సేవ్ నొక్కాను. లాగిన్ పేజీ వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టాను. పెద్దాఫీసరు రాలేదు. నలభై పేర్లూ ఎక్కడివక్కడ సేవయ్యాయి. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం చెబితే నవ్వుతారు.

ఆయన దగ్గరికి వెళ్లి చెప్పడం మొదలుపెట్టాను. ఫోను మోగింది. మొదట్నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. టీ వచ్చింది. మొదట్నుంచి చెప్పమన్నాడు. ఈసారి పుస్తకం చేతిలో పెట్టి చెప్పాను. పేజీలు తిరగేశాడు. నాకు తెలుసు, ఆయనకి మొదటిసారికే అర్థమైంది. చిటికెన వేలి గోరుతో ఒక వరస కింద గీత గీస్తూ, గొంతు పెంచకుండా, దాదాపు ప్రేమగా అన్నాడు. “ఇప్పుడది మార్సితే తప్పు మనదని మనమే ఒప్పుకున్నట్టు గదా. ఆ పిల్ల ఇయ్యాల కాపోతే రేపు ఎల్లిపోద్ది. ప్రోగ్రాం ఉండిపోద్ది. ఒగ్గేయ్.”

అన్నాక, ఎదురుగా ఉన్న మిరపకాయ బజ్జీ తినడం ముగించి, ఆ రూళ్ల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి చేతులు తుడుచుకున్నాడు. నూనె పీల్చుకుని కాగితం పారదర్శకంగా అయింది. రెండు వైపుల అక్షరాలూ ఒకేసారి కనిపించాయి. దాన్ని ఉండచుట్టి నా కాళ్ల దగ్గరున్న బుట్టలో వేశాడు. మిగతా పుస్తకం ఆయన సొరుగులోకి పోయింది.

మీటింగులో ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. ప్రోగ్రాంలో లోపం లేదన్నాడు. ఆపరేటరు పని నేర్చుకోవాల్సింది ఇంకా ఉందన్నాడు. కావాలని చేసిందని తను అననన్నాడు, అనను అంటూనే ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం చాలు, గదిలో అందరికీ అర్థమైపోయింది. అప్పుడు పెద్దాఫీసరు నావైపు తిరిగి, కౌంటర్ దగ్గరికి వెళ్లి చూసింది మీరే కదా, మీరేమంటారు అని అడిగాడు. అడిగాడు. నాకు ఎవరూ అవకాశం ఇవ్వలేదని చెప్పుకోడానికి లేదు. ఆ వారంలోనే నా ఉద్యోగం ఖాయంచేసే కాగితం మీద మా లీడరు సంతకం పెట్టాలి. “పరిశీలిస్తాం సార్,” అన్నాను.

మరుసటి సోమవారం నుంచి నూకరత్నాన్ని రావద్దన్నారు. నా ఉద్యోగం ఖాయమైంది. మా అమ్మ పాయసం చేసింది. తిన్నాను.

నెల తర్వాత ఆయన ఆ లైను మార్చాడు. ట్రూ తీసి ఫాల్స్ పెట్టాడు, నేను నా మిషన్ మీద పెట్టినట్టే. దానికి ‘కొత్త సౌకర్యం’ అని పేరుపెట్టి ఫ్యాక్టరీలో ప్రదర్శించాడు. పెద్దాఫీసరు నొచ్చుకోకుండా ఆయన ఫోటోని లాగిన్ పేజీ మీదికే ఎక్కించాడు. ఇక నుంచి పని ఎక్కడ ఆగితే అక్కడి నుంచే సాగుతుందని, కార్మిక సోదరుల ఇబ్బంది చూడలేక రాత్రింబవళ్లు ఆలోచించి కనిపెట్టామని ప్రసంగించాడు. చప్పట్లు కొట్టారు. కుంకుమ రంగు శాలువా కప్పారు. నేను వెనక వరసలో ఉన్నాను, నేనూ కొట్టాను. శాలువా కప్పుతుండగా తీసిన ఫోటోయే ఫ్లెక్సీలో ఉన్నది. ఆ శాలువాని ఆఫీసుకి తెచ్చి కొన్నాళ్లు మానిటర్ దుమ్ము దులిపాడు. తర్వాత కుర్చీలో వేసుకుని కూర్చున్నాడు.

ఆయన్ని అసహ్యించుకుంటూ నేను అక్కడ ఇంకో రెండేళ్లు పనిచేశాను. అసహ్యించుకోవడం చాలా సుఖమైన పని. ఆ గోరు, ఆ రుమాలు, ఆ కీబోర్డు ఎదురుగా ఉన్నంతకాలం నా చేతులు శుభ్రంగానే కనిపించేవి. ఇంటికెళ్లి మా అక్కకి ఆయన వేషాలు అనుకరించి చూపించేదాన్ని. బజ్జీ నూనె కాగితం సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నూకరత్నం ఎక్కడుందో నాకు తెలుసు. పూర్ణా మార్కెట్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొడుతుండగా, ఈ ఫ్లెక్సీ చూడ్డానికి రెండేళ్ల ముందే చూశాను. చూసి, పక్క సందులోకి తిరిగి, కొనాల్సిన చింతపండు కొనకుండానే బస్సెక్కేశాను. ఫ్లెక్సీ చూసిన మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆయన పోయాడు కాబట్టి ఇక చెప్పొచ్చని అనిపించింది కాబోలు. ఆయన ఉండగా మాత్రం నాకు అడ్డుపడిందెవరు?

కుర్చీకి అదే ఎర్రంచు తువ్వాలో, అలాంటిదే ఇంకోటో వేసి ఉంది. ఆమె నన్ను చూసిన వెంటనే గుర్తుపట్టింది. “బాగున్నారా మేడమ్?” అంది. మా లీడరు పోయారని చెప్పాను. “ఆయన్ని నాను సూడనే నేదు గదా మేడమ్. కౌంటర్‌కి ఎప్పుడూ రానేదు,” అంది. ఆ పేర్లు పోవడంలో మీ తప్పు లేదు, ప్రోగ్రాందే అని చెప్పాను. ఎన్నేళ్ల నుంచో మోస్తున్న బరువు దించుతున్నట్టు, ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతాయేమో అన్నట్టు చెప్పాను. సిగ్గులేని మనిషిని.

“అది నాకెరికే గదా,” అంది నూకరత్నం. “నానే గదా మీకు సెప్పింది.”

దుకాణం బయట హమాలీలు బస్తాలు దించుతున్నారు. ఆమె చేతిలో ఉన్న బిల్లు పూర్తిచేసి, చింపి, మనిషికి ఇచ్చి పంపింది. తర్వాత నావైపు తిరిగింది. “నా పుస్తకం ఏటి సేసారు మేడమ్?”

“మీటింగ్ రోజున ఆయన…” అని మొదలుపెట్టాను.

ఆమె చెయ్యి కొంచెం ఎత్తి ఆపింది. “ఆయన సంగతి నాకొద్దు. పుస్తకం నాను మీ సేతిలో ఎట్టిన కాడ్నుంచి సెప్పండి.”

స్టూలు నావైపు జరిపింది. కూర్చున్నాను. మొదట్నుంచి చెప్పాను. బజ్జీ కాగితం సంగతి, పాయసం సంగతి కూడా దాచలేదు. కొనేవాళ్లు వచ్చి నిలబడితే కాసేపాగమని చేత్తో సైగ చేసిందే గానీ, నేను చెబుతున్నంతసేపూ నూకరత్నం ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.